సారెలో ఏం పెట్టారు

అక్క ఎడమ చెయ్యి మోచేతి దాకా బానలోకి దిగిపోయి ఉంది. ఆ చేతిలో నున్నటి గుండ్రాయి, కుడిచేతిలో అరిగిపోయిన చెక్క. లోపల రాయి ఎక్కడ ఆనుతుందో బయట చెక్కదెబ్బ సరిగ్గా అక్కడే పడాలి. కాస్త పక్కకి పడిందా, పచ్చిమట్టి గోడ చిల్లుపడి కూర్చుంటుంది. అక్క చూసి కొట్టదు. చూపు కిటికీ వైపు ఎక్కడో ఉంటుంది, చెవి మాత్రం బాన మీద. మందంగా ఉన్నచోట దెబ్బ మొద్దుగా పలుకుతుంది, పల్చబడేకొద్దీ గొంతు విప్పుతుంది. ఆ గొంతు తనకి కావలసినట్టు పలికేదాకా కొట్టి, రాయికి మట్టి అంటుకోకుండా ఇంత బూడిద అద్దుకుని, బాన చుట్టూ ఒక అడుగు జరిగి మళ్ళీ మొదలుపెడుతుంది.

నిన్న చక్రం మీద దాన్ని లేపింది తమ్ముడు. లేపినప్పుడు అది పొడుగ్గా, మందంగా, మొద్దులా ఉంది. చూసినవాళ్ళెవరూ దాన్ని బాన అనరు. దానికి కడుపు తెచ్చింది అక్క. దెబ్బ పక్కన దెబ్బ, వరస కింద వరస, చేప పొలుసుల్లా ఒంటినిండా గుర్తులు. ఆ గుర్తులు చూడటానికే జనం వస్తారు. తను లేపినవాటిని తమ్ముడు 'ఫార్మ్స్' అంటాడు, అక్క బానలంటుంది. ఇద్దరూ ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నారని కొత్తవాళ్ళకి తెలియదు.

"ఇక చాలక్కా, వాళ్ళొచ్చే వేళయింది," అన్నాడు అతను.

అక్క చెయ్యి బయటికి తీసుకుంది. రాయిని బకెట్లో వేసింది, చెక్కని మట్టిబస్తాల వెనక్కి తోసింది. ఎవరైనా వస్తున్నారంటే ఆ రెండూ కనబడకూడదని ఆవిడకి వేరే చెప్పక్కర్లేదు. అయినా అతను చెప్పాడు. ఎవరేం అడిగినా మట్టి తొక్కి ఇస్తానను, అంతకుమించి నాకేం తెలీదను, అని.

"తొక్కుతాను కదరా, అబద్ధమేముంది?" అంది అక్క చేతులు కడుక్కుంటూ.

వస్తున్నది మ్యూజియం ఆవిడ. పరాయి దేశాల నుంచి వచ్చి ఇక్కడ మట్టిపని చేస్తున్నవాళ్ళందరి పనీ ఒకచోట పెట్టి ప్రదర్శన చేస్తున్నారు. ఒక్కొక్కరి పని పక్కన, దాని వెనక ఎవరున్నారు, ఏముంది, ఆ చెయ్యి ఎక్కడ నేర్చింది అన్నది గోడ మీద రాస్తారట. ఆ మాట విన్న రోజే భార్య అతనితో అంది. "వదిన పేరు చెప్పండి. మీ సొమ్మేం పోతుంది?" చూద్దాంలే అన్నాడు. ఆ ఇంట్లో చూద్దాం అంటే కాదనే అర్థం. భార్య ఇంకేం అనకుండా ఉద్యోగానికి వెళ్ళిపోయింది.

అసలు ఇబ్బంది ఎక్కడుందంటే, అతను ఇదివరకే ఒకటి చెప్పి ఉన్నాడు. వచ్చిన కొత్తలో ఎవరో ఆ గుర్తులేమిటని అడిగితే, ఆ క్షణానికి నోటికొచ్చింది అనేశాడు. చిన్నప్పుడు మా ఇంటి రేకుల మీద వాన పడుతుంటే వింటూ నిద్రపోయేవాణ్ణి, ఆ వానే ఇది, అని. విన్నవాళ్ళు చాలా సంతోషించారు. అప్పట్నుంచీ ఎక్కడికెళ్ళినా ఆ వానే. భార్య ద్వారా ఆ సంగతి తెలిసినప్పుడు అక్క తెల్లబోయింది. "మన ఇంటికి రేకులెక్కడివిరా? గడ్డి కప్పేగా!" అంది. అంతకుమించి ఆవిడ దాన్ని సాగదీయలేదు.

మ్యూజియం ఆవిడ పొడుగ్గా, నెమ్మదిగా ఉంటుంది. అడక్కుండా ఏ వస్తువునూ ముట్టుకోదు. ఆమెతోబాటు టీచరమ్మ వచ్చింది. ఆదివారాలు ఇక్కడి తెలుగు పిల్లల్ని పోగేసి అక్షరాలు దిద్దిస్తుంది కాబట్టి అందరికీ ఆవిడ టీచరమ్మే. మనసు మంచిది, నోరే మనసుకంటే నాలుగడుగులు ముందు నడుస్తుంది. అతన్ని ఎక్కడ కనబడినా పంతులుగారబ్బాయి అని పిలుస్తుంది. ఎందుకంటే, ఆవిడ మొట్టమొదట మీ నాన్నగారేం చేసేవారండీ అని అడిగినప్పుడు అతను బడిపంతులని చెప్పాడు. కుండలు చేసేవాడని చెప్పడానికి నోరు రాలేదు. చుట్టూ ఇంజినీర్లూ డాక్టర్లూ కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఎవరూ ఏమీ అనేవారు కారేమో. అయినా నోరు రాలేదు.

మ్యూజియం ఆవిడ పచ్చి బాన చుట్టూ తిరిగి చూసింది. అతను వాన గురించి చెప్పబోయాడు. అది నేను చదివాను, చాలా బాగుంది, ఇప్పుడు మీ అక్కగారితో మాట్లాడాలని ఉంది, అందామె. అక్కకి ఇక్కడి భాష రాదు. టీచరమ్మ వచ్చింది అందుకే.

వంటింట్లో కూర్చున్నారు. అక్క స్వయంగా టీ కాచి అందరికీ ఇచ్చి, తను ఒక కుర్చీ అంచున సర్దుకుంది. ఈ విద్య మీ తమ్ముడికి ఎలా అబ్బింది, చిన్నప్పటి సంగతులేమైనా చెప్పమంటోంది ఆవిడ, అని టీచరమ్మ అడిగింది. అక్క పాఠం ఒప్పజెప్పినట్టు మట్టి తొక్కే మాట చెప్పింది. అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ తనని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్ళలోకి చూస్తూ, నీ చిన్నతనం ఎలా ఉండేదని అడిగినవాళ్ళు ఈ ఊళ్ళో ఆవిడకి ఇంతవరకూ తగల్లేదు. అక్క మొహం విప్పారింది. తమ్ముడు చెప్పినదంతా ఆ ఆనందంలో కొట్టుకుపోయింది.

"వాడికి సారె ఇచ్చాడమ్మా మా నాన్న. నాకివ్వలేదు."

అతని చేతిలో చెంచా ఆగిపోయింది.

టీచరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "మగపిల్లాడికి సారె ఏంటమ్మా? ఆడపిల్లకి కదా పెట్టేది?"

"మా ఇళ్ళల్లో అంతే. సారె మగపిల్లాడికే. ఆడపిల్ల దాన్ని తాకనే కూడదు."

అక్క చెప్పే సారె కుండలు చేసే చక్రం. వాళ్ళ ఇంట్లో పుట్టినవాళ్ళకి దానికి ఇంకో పేరు తెలీదు. టీచరమ్మకి తెలిసిన సారె వేరు. పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్తుంటే పుట్టింటివాళ్ళు వెంట పంపే చీరలూ సామానూ. ఇద్దరూ చక్కటి తెలుగే మాట్లాడుతున్నారు. మధ్యలో కూర్చున్న ఇతనొక్కడికే రెండూ తెలుసు.

"పోనీ, ఆ సారెలో ఏం పెట్టారమ్మా?" టీచరమ్మ జాలిగా అడిగింది.

అక్కకి ఈ ప్రశ్న వింతగా తోచింది. ఆమాత్రం తెలీదా అన్నట్టు నవ్వింది. "ఏం పెడతారమ్మా? మట్టి."

టీచరమ్మ తల దించుకుంది.

"సారె వాడిది, దెబ్బలు నావి," అంది అక్క. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ వెన్ను నిటారుగా ఉంది. అంత గర్వంగా ఆవిడ మాట్లాడటం అతను చాలా కాలంగా వినలేదు.

టీచరమ్మ గొంతు తగ్గించి మ్యూజియం ఆవిడకి చెప్పింది. అతనికి ప్రతి ముక్కా అర్థమైంది. ఆ ఇంట్లో అంతా కొడుక్కే ఇచ్చారట. ఈవిడకి పెళ్ళిలో ఏమీ పెట్టలేదట, మట్టి తప్ప అంటోంది పాపం. తండ్రి కొట్టేవాడట. మ్యూజియం ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆమె బల్ల మీదుగా చెయ్యి చాచి అక్క చేతి మీద వేసింది. తన మాటలు ఆవిడకి నచ్చాయనుకుని అక్క ఇంకో చెయ్యి తెచ్చి ఆ చేతి మీద పెట్టింది.

ఒక్క ముక్క చాలు. సారె అంటే అది కాదండీ అంటే చాలు. టీచరమ్మ నాలిక కరుచుకునేది, అందరూ నవ్వేసేవారు. కానీ అప్పుడు కుండలు బయటికొస్తాయి, బడిపంతులు పోతాడు, దెబ్బలు ఎవరివో తేలుతుంది. అతనికి ముందుగా కలిగింది ఊరట. గండం గడిచిందని లోపలెక్కడో గుండె కుదుటపడింది. తరవాత దాన్ని తలుచుకున్నప్పుడల్లా అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసింది ఆ ఊరటకే.

"టీ చల్లారిపోతోందండీ," అన్నాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర టీచరమ్మ అతన్ని పక్కకి పిలిచింది. పంతులుగారు అంత కోపిష్టి అనుకోలేదండీ, పాపం మీ అక్కగారు ఎన్ని పడ్డారో, అంది. కాదనడానికి దేవుడు ఇంకో అవకాశం ఇచ్చినట్టే లెక్క.

"పాతకాలం కదండీ," అన్నాడతను.

సాయంత్రం పని చేసుకునే షెడ్డులో చెక్క చప్పుడు వినబడితే అతను విసురుగా లోపలికి వెళ్ళాడు. తన మీద తనకున్న కోపం ఎవరిమీదో ఒకరిమీద తీర్చుకోవాలి. దానికి అక్కకంటే అనువైన మనిషి ఇంట్లో లేదు. ఆ సారె గోల ఎందుకెత్తావు, మట్టి తొక్కుతానని చెప్పి ఊరుకోమన్నానా లేదా, అని అరిచాడు.

అక్క చెయ్యి బానలోనే ఉండిపోయింది. "తప్పయిందా?"

ఆ అడగడంతో అతని గొంతు తగ్గింది. బస్తా మీద కూలబడ్డాడు. ఇక్కడివాళ్ళకి నాన్న బడిపంతులని చెప్పానక్కా అన్నాడు నేల చూస్తూ. చెప్పాక మళ్ళీ మార్చడం కుదరలేదన్నాడు. దెబ్బల మాట టీచరమ్మ ఎలా మార్చి చెప్పిందో మాత్రం అతను చెప్పలేదు. చెప్పాలనే అనుకున్నాడు, మాట నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

అక్క రాయితో బాన లోపలి గోడని ఊరికే రాస్తూ ఉండిపోయింది. "నాన్న వేలిముద్ర వేసేవాడు కదరా," అంది చివరికి. నవ్వుదామని చూసింది గానీ కుదరలేదు. "ఏ బళ్ళో అని అడిగితే ఏం చెప్పను?"

ఎవరూ అంతదూరం అడగరన్నాడు.

"పిల్లల్ని కొట్టేవాడు కాదని చెప్తాలే. అది నిజమేగా. మనల్ని ఏనాడూ ఒక్క దెబ్బ వెయ్యలేదు," అంది అక్క. అతనికి అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. లేచి వచ్చేశాడు.

మర్నాడు అక్క షెడ్డు తలుపు లోపల్నుంచి దగ్గరగా వేసుకుంది. కిటికీ కూడా మూసింది. ఎండ బాగానే ఉంది, గాలీ లేదు. ఎందుకక్కా మూశావంటే, చప్పుడు పక్కింటికి వినబడుతుందేమోనని, అంది. ఇన్నాళ్ళూ లేని భయం ఆవిడకి కొత్తగా వచ్చింది. దాన్ని నేర్పింది అతనే. లోపల చెక్క చప్పుడు కూడా మారింది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆగుతోంది, ఎవరో వస్తున్నారేమో వింటున్నట్టు.

బాన కాస్త ఆరాక తిరగేసి అడుగున పేరు గీకడం అతని పని. గట్టిపడీ పడని మట్టి మీద సన్నటి మేకుతో రాస్తాడు. కాల్చాక ఇక ఎవడూ చెరపలేడు. ఆ రోజు మేకు ఆనించి అలాగే ఉండిపోయాడు. అక్క పేరు పక్కన రాస్తే ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. చోటుంది. కావలసినంత చోటుంది. అక్క పక్కనే నిలబడి, బాన దొర్లిపోకుండా రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"రాయరా, చేతులు లాగుతున్నాయి," అంది.

అతను తన పేరు రాశాడు. గ్లేజు పూతలో ముంచడం, కరెంటు బట్టీలో పెట్టడం, చల్లారేదాకా కాచుకోవడం, అన్నీ ఎప్పటిలాగే జరిగిపోయాయి. బాన ఎర్రగా, నిండుగా, ఎక్కడా చిన్న బీట కూడా లేకుండా బయటికొచ్చింది. భార్య దాన్ని చూసి, వదినా, ఇంతవరకూ చేసినవాటన్నిటిలోకీ ఇదే బాగుంది, అంది. అక్క చప్పున తమ్ముడి వైపు వేలు చూపించింది.

ప్రదర్శన మొదలయ్యే ముందురోజు ఎవరి వస్తువులు వాళ్ళని చూసుకోమని పిలిచారు. అక్కని తప్పకుండా తీసుకురమ్మని మ్యూజియం ఆవిడ పట్టుబట్టింది. పెద్ద హాలు, తెల్లటి గోడలు, అడుగులు వినబడని నేల. బాన మధ్యలో ఒక్కటే ఉంది. పైనుంచి పడుతున్న దీపం వెలుగులో ఒక్కొక్క దెబ్బా విడివిడిగా కనబడుతోంది. అక్క చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది.

గోడ మీద రాతని అతను దూరం నుంచే చదివేశాడు. చదివి అక్కడే ఆగిపోయాడు. టీచరమ్మ మాత్రం అక్కని దగ్గరికి తీసుకెళ్ళింది. మీ గురించే రాశారమ్మా, నేను చదివి చెప్తానుండండి, అని భుజం మీద చెయ్యి వేసింది. పాపం ప్రేమగానే వేసింది. ఒక్కొక్క వాక్యం చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ పోయింది. ఈ కళాకారుడి ఇంట్లో కొడుక్కి అన్నీ ఇచ్చారు, కూతురికి మట్టి తప్ప ఏమీ ఇవ్వలేదు. తండ్రి బడిపంతులు, చాలా కఠినుడు. తన అక్క చిన్నతనంలో ఆ తండ్రి చేతిలో తిన్న దెబ్బలని మరిచిపోలేక ఈయన వాటిని మట్టి మీద...

"ఎవరు కొట్టారు?" అంది అక్క.

"మీ నాన్నగారమ్మా. మీరే అన్నారుగా ఆ రోజు, దెబ్బలు నావి అని."

అక్క మొహం పాలిపోయింది. తమ్ముడి వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నిస్తోందని అతనికి తెలిసిపోయింది. చూస్తే అడగాల్సి వస్తుంది. అడిగితే నలుగురిలో అతని పరువు పోతుంది. తండ్రి కొట్టేవాడని గోడ మీద రాసినా, ఆవిడ ఇంకా అతని పరువే చూస్తోంది. అది అతను తట్టుకోలేకపోయాడు.

"అది తప్పండీ," అన్నాడు. మ్యూజియం ఆవిడకి ఇక్కడి భాషలోనూ, టీచరమ్మకి తెలుగులోనూ కలగాపులగంగా చెప్పుకుపోయాడు. సారె అంటే పెళ్ళి సారె కాదు, కుండలు చేసే చక్రం. మా నాన్న పంతులు కాదు, కుండలు చేసేవాడు. మమ్మల్ని ఏనాడూ కొట్టలేదు. దెబ్బలంటే చెక్కదెబ్బలు. ఈ బాన మీద ఉన్న ప్రతి దెబ్బా అక్కదే, నాకు కొట్టడం రాదు, వానా లేదు గీనా లేదు. ఆ రోజు మీరు పొరబడుతుంటే తెలిసి కూడా ఊరుకున్నాను. చెప్పడానికి సిగ్గేసింది.

అన్నాక అతనికి తేలిగ్గా అనిపించింది. ఇంత సులువైన పనికి ఇన్నాళ్ళు పట్టిందేమిటా అనిపించింది.

టీచరమ్మ నమ్మాలో వద్దో తెలియక అక్క వైపు తిరిగింది. "నిజమేనా అమ్మా? ఇవి కొట్టింది మీరేనా?"

అక్క తమ్ముడి మొహంలోకి చూసింది. అతను చెప్పినదంతా ఆవిడ విన్నది. కానీ ఆవిడ కళ్ళలో కనబడింది సంతోషం కాదు, కంగారు. తమ్ముడు తనకోసం, నాన్న కోసం, కోపంలో తన కొంప తనే కూల్చుకుంటున్నాడని ఆవిడకి అర్థమైంది. దాన్ని నిలబెట్టాల్సింది ఇప్పుడు తనే. చేతులు కొంగులో ఇంకాస్త గట్టిగా చుట్టుకుంది.

"వాడి మాటలకేం లెండమ్మా, నేనంటే వాడికి ప్రాణం, అందుకని అలా అంటాడు," అంది నవ్వుతూ. "నాకేం వచ్చు? మట్టి తొక్కి ఇస్తాను, అంతే. కుండలన్నీ వాడివే. మా నాన్న బడిపంతులమ్మా. ఎంతమందికో చదువు చెప్పాడు. ఒక్క పిల్లాణ్ణి కూడా కొట్టేవాడు కాదు. ఆ ఒక్క మాట తీయించండి, చాలు."

"అక్కా..." అన్నాడతను.

"నువ్వూరుకోరా."

టీచరమ్మ మొహం తేటపడింది. ఆ మాటలు మ్యూజియం ఆవిడకి చెప్పింది. కళాకారులు కదా, అక్క గొప్పదనం చెప్పాలనే తాపత్రయంలో కాస్త కల్పించారు, అని కూడా కలిపి చెప్పింది. మ్యూజియం ఆవిడ అతని వైపు ఆప్యాయంగా చూసి తల పంకించింది. దెబ్బల వాక్యం ఇప్పుడే మార్పిస్తానని, మళ్ళీ వాన గురించే పెడదామని చెప్పి, టీచరమ్మని వెంటబెట్టుకుని హాలు చివరికి వెళ్ళింది.

అతను వెనక పరిగెత్తి ఇంకోసారి చెప్పొచ్చు. చెప్తే అక్క మళ్ళీ కాదంటుంది. నలుగురి ముందు ఆవిణ్ణి అబద్ధాలకోరుని చేస్తే తప్ప నిజం నిలబడదు. మేకుతో పేరు గీకుతున్నప్పుడు చెప్పాల్సింది. టీ చల్లారిపోతోందన్నప్పుడు చెప్పాల్సింది.

అక్క దగ్గరికి జరిగింది. వాళ్ళు దూరంగా ఉన్నారో లేదో ఒకసారి చూసుకుంది.

"ఈసారి సరిగ్గా చెప్పానా?" అని మెల్లగా అడిగింది.

ఆవిడ అతని జవాబు కోసం ఎదురు చూస్తోంది. బళ్ళో పిల్ల పాఠం ఒప్పజెప్పి పంతులు మొహంలోకి చూస్తున్నట్టు చూస్తోంది.

"సరిగ్గానే చెప్పావక్కా," అన్నాడు అతను. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఆ తరవాత ఆవిడ మొహంలోకి చూడటం అతని వల్ల కాలేదు.